ఫైబరు అమ్మకు అవ్వ మొక్కు

సప్తలోకం పార్కు, కడప
జనవరి నెలాఖరు

అక్కా,

పత్తికొండ చేరినారా? బస్సులో సీట్లు దొరికినాయా? ఫోన్లో నాకు మాట రాదని తెల్సు గదా, కాగితం మీద రాసి ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపిస్తాండా. ఎనిమిదితో బడి ఇడిసినోన్ని, తప్పులుంటే నువ్వే సర్దుకోని చదువుకో.

అవ్వ చెప్పులు నా కాడ ఉండాయి. రాజులలోకంలో గుడి సెట్టింగు ఉండాది గదా, దాని ముందర ఇడిసి లోపలికి పోయింది. మొక్కోని బయటికొచ్చి ఒట్టి కాళ్ళతోనే నడుస్తా పోయింది. మర్చిపోయిందేమో అని చెప్పులు పట్టుకోని ఎనకాల ఉరికినా. "నీ కాడ పెట్టుకో నాయనా" అనె. ఏంటికని అడుగుదామనుకుంటి. ఆలోపల మీరంతా గేటు కాడికి పోయింటిరి.

స్టాఫ్ పాసులిచ్చినారని మీకు ఏడు లోకాలూ చూపిచ్చాలని నాకు శానా ఆశ ఉండె. సముద్రలోకంలో ఓడ ఎక్కి నాయన కమ్మీ పట్టుకోని, "ఆపప్పా, మేము ఈడనే దిగుతాం" అని ఆపరేటరుకు బస్సు డ్రైవరుకు చెప్పినట్ల చెప్పినాడు. ఆ ఆపరేటరు ఇప్పటికీ నన్ను చూస్తే అదే మాట చెప్పి నగుతాడు. రాకాసిబల్లుల లోకంలో అవ్వ ఏమనింది, ఇంటివా? "ఇంత జీవానికి మేత యాడ తెస్తారు, కరువొస్తే ఎవురు సాకుతారు" అనింది. మంచులోకంలో నాయన మంచు పిడికిట్లో పట్టుకోని, "ఇన్ని నీళ్ళకు ఎన్ని బోర్లేసినారో కనుక్కోరా" అన్నాడు. నేను ఎవుర్ని కనుక్కునేది? మా ఏడు లోకాలకూ పెద్ద సుదర్శన్ సారు. ఆయప్ప ఎదురొస్తే నేను బూట్ల అల్మార ఎనక్కి పోతా.

నా పని నాకు బాగుండాది. మంచులోకం లోపలికి పొయ్యేటోల్లు కౌంటర్లో సైజు చెప్తారు, నేను బూట్లు ఇస్తా. తిరిగొచ్చి ఇడిసిపోతే తుడిచి పెడ్తా. మాట్లాడే పనే లేదు.

ఆ గుళ్ళో అమ్మవారు ఫైబరుదక్కా. అవ్వకు చెప్దామనుకుంటి. ఆమె కండ్లు మూసుకోని దండం పెడ్తాంటే నాకు నోరు రాలేదు.

హనుమేష్


పత్తికొండ
ఫిబ్రవరి

హనుమేషూ,

క్షేమంగా చేరాం. బడిలో నా తరగతి పిల్లల్ని ఇళ్ళకు పంపించి, ఖాళీ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నీ తప్పులు దిద్దనులే, భయపడకు. దిద్ది దిద్ది చేతులు నొప్పి పుట్టాయి.

అవ్వ చెప్పుల సంగతి ఇక్కడ పెద్ద గొడవైంది. బస్టాండులో దిగగానే నాన్న చెప్పుల అంగడికి తీసుకుపోతే గడప దగ్గరే నిలబడింది. "నాకొద్దు తిమ్మయ్యా, చెప్పులిడిసి మొక్కుకున్నా. మొక్కు తీరినంక తొడుక్కుంటా" అంది. ఏం మొక్కు అంటే చెప్పదు. తీరకముందే బయటికి చెప్తే తీరదట. అమ్మ తిట్టింది, నాన్న బతిమాలాడు. ఆమె మాత్రం ఎండకు కాలిన నేల మీద పిల్లిలా నడుచుకుంటూ ఇంటికి వచ్చేసింది.

మొక్కు బోరు గురించే అయ్యుంటుందని అందరం అనుకుంటున్నాం. వచ్చే వారం రిగ్గు బండి వస్తోంది. ఇదివరకు వేసిన బోర్లన్నిట్లోనూ దుమ్ము తప్ప ఏమీ రాలేదని నీకు తెలుసు. ఈసారి కూడా నీళ్ళు పడకపోతే టమాటా పెట్టేది లేదని నాన్న అంటున్నాడు.

నా భయం వేరు. అవ్వకు షుగరు. కాలికి ఏం గుచ్చుకున్నా ఆమెకు తెలియదు. పోయిన ఏడు అరికాల్లో గాజుపెంకు దిగితే, ఇంట్లో రక్తం మరకలు చూసి మనం చెప్పేదాకా ఆమెకు తెలిసిందా?

అమ్మవారు ఫైబరని నేను అమ్మకు మాత్రం చెప్పాను. అమ్మ నవ్వి, "ముసలామెకు చెప్పొద్దులే, మనసు కష్టపెట్టుకుంటాది" అంది.

ఉదయశ్రీ


సప్తలోకం పార్కు, కడప
ఫిబ్రవరి

అక్కా,

ఆ అమ్మవారి కత తెల్సుకున్నా. ఈడ వర్క్‌షాపులో ఓబుళేశు అన్న అని ఉండాడు. అచ్చులు పోసి రంగులేసేటాయన, మైదుకూరు కాడోడు. నేను నోరిప్పకపోయినా ఆయన తన పాటికి తాను మాట్లాడ్తానే ఉంటాడు. అందుకే టీ తాగేకి ఆడికే పోతా.

"అది మొదట రాణిబొమ్మప్పా" అన్నాడు. సింహాసనం మీద కూచోబెట్టేకి చేసినారంట. సింహాసనం ఖర్చు ఎక్కువని ఒద్దన్యారంట. గుడి సెట్టింగు ఖాళీగా ఉంటే, రాణి చేతిలో కత్తి తీసి త్రిశూలం పెట్టి, ఇంకో రెండు చేతులు అతికిచ్చి, ఆడ నిలబెట్టినారు. పేరు లేదు. పూజారి లేడు. అందరూ ఆయమ్మ పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఒకాయప్ప త్రిశూలం పట్టుకోని దిగినాడు.

ఆ పొద్దు నుంచి నాకు మనసు నిలకడ లేదక్కా. డ్యూటీ అయినంక రూముకు పోకుండా పార్కంతా తిరుగుతాండా. పిల్లలలోకంలో పోయి కూచుంటా, రంగులరాట్నం తిరుగుతాంటే తల తిరుగుతాది. లేచి అంతరిక్షలోకం పోతా, అంతా చీకటి, నచ్చదు. అడవిలోకంలో చెట్లల్లో స్పీకర్లు పెట్టినారు, ఒకే పిట్ట ఒకే కూత. కడాకు రాజులలోకానికి వస్తా. అమ్మవారి కాళ్ళ కాడ ఎవురో తాగిన కూల్‌డ్రింక్ గ్లాసు పెట్టిపోయింటారు. తీసేస్తా. పొద్దున పోతే మళ్ళ ఉంటాది.

ఇంగోటి. బాగా మాట్లాడేటోల్లను గైడుగా తీసుకుంటారంట, మైకు ఇస్తారంట. సుదర్శన్ సారు మంచులోకానికి వచ్చి, "ఎవరైనా ఉండారా" అని అడిగినాడు. నా పక్కన ఉండే ఆంజనేయ నన్ను చూపిచ్చి, "ఈ బూట్లోన్ని తీసుకోండి సార్, మైకు మిగుల్తాది" అన్నాడు. అందరూ నగిరి. నేనూ నగితి.

బోరు సంగతి బిన్నా రాయి, లేటు చెయ్యద్దు.

హనుమేష్


పత్తికొండ
మార్చి

హనుమేషూ,

నీళ్ళు పడ్డాయి. రిగ్గు బండి పొద్దున్నుంచి తెల్లటి దుమ్ము కక్కుతూనే ఉంది. నాన్న దూరంగా గట్టు మీద, అటు తిరిగి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి దుమ్ము తడిసి బురదైంది, తర్వాత ఒక్కసారిగా నీళ్ళు లేచాయి. నాన్న చొక్కా విప్పకుండానే వాటికింద నిలబడ్డాడు. నాకు సిగ్గేసి ఇటు తిరిగాను.

సాయంత్రం అమ్మ కొత్త చెప్పులు తెచ్చి అవ్వ ముందు పెట్టింది. "ఇంగ తొడుక్కో అత్తా, నీ మొక్కు తీరె గదా" అంది.

అవ్వ వాటిని పక్కకు జరిపింది. "నీళ్ళు పడినాయి, సంతోషం. నా మొక్కు ఇంగా తీరలేదు" అంది.

మా ముఖాలు చూడాల్సింది. బోరు కాకపోతే ఇంకేమిటి? నా పెళ్ళి గురించా అని అడిగాను. "నీకేం తొందరే, ఉండు" అంది. అమ్మ నడుంనొప్పా అని అడిగితే, "నీ నడుము మంచాన పడేంత పని యాడ చేసిందిలే" అంది. నాన్న మాత్రం నవ్వలేదు.

నిన్న ఆమె కాళ్ళు కడుగుతుంటే కుడికాలి చిటికెనవేలి పక్కన తుమ్మముల్లు విరిగి కనబడింది. ఎప్పుడు గుచ్చుకుందో ఆమెకు తెలియదు. పిన్నీసుతో తీశాను. చుట్టూ కొంచెం నల్లగా ఉంది.

ఉదయశ్రీ


సప్తలోకం పార్కు, కడప
మార్చి

అక్కా,

కాలు ఎట్ల ఉండాది? ఆస్పత్రికి పిలుచుకోని పోండి, లేటు చెయ్యద్దండి.

ఈ మాట రాయాల్నా వద్దా అని రెండు పూటలు తిరిగినా. రాజులలోకం తీసేస్తారంట. ఎండాకాలం సెలవులకు ఆ జాగాలో దయ్యాల బంగ్లా పెడ్తారు. రాజులను చూసేకి ఎవురూ రావడం లేదంట. కోట గోడలు, ఏనుగులు, గుడి అన్నీ పగలగొట్టి తుక్కుకు ఏస్తారు. ఓబుళేశు అన్న నోట్లో బీడీ పెట్టుకోని, "నేను చేసినవి నేనే పగలగొట్టాల, దానికీ కూలి ఇస్తారులే" అన్నాడు.

అవ్వ మొక్కు తీరకముందే ఆయమ్మను తీసేస్తే ఏమైతాది? అవ్వకు చెప్పల్నా, గమ్మునుండాల్నా? నువ్వే చెప్పు.

హనుమేష్


కర్నూలు, ఆస్పత్రి
ఏప్రిల్ మొదట్లో

హనుమేషూ,

అవ్వను కర్నూలుకు తెచ్చాం. వేలు పూర్తిగా నల్లబడింది. వాసన వస్తోంది. డాక్టరమ్మ, "చెప్పుల్లేకుండా నడిపించారా?" అని మమ్మల్ని చూసిన చూపు నేను మర్చిపోలేను. వేలు నిలుస్తుందో లేదో వారంలో తెలుస్తుందట. ఇకమీదట మెత్తటి చెప్పులు లేకుండా ఒక్క అడుగు వేసినా వేలుతో ఆగదు, పాదం పోతుంది అని చెప్పింది. అవ్వ తల ఊపింది. డాక్టరమ్మ అటు పోగానే, మంచం దిగి ఒట్టి కాళ్ళతో బాత్రూముకు పోయింది.

నాన్నకు ఓపిక పోయింది. "అమ్మా, అది దేవత గాదు. ఫైబరు బొమ్మ. లోపలంతా డొల్ల. దానికి మొక్కిన మొక్కు మొక్కే గాదు" అని చెప్పేశాడు.

అవ్వ ఏమందో ఆమె మాటల్లోనే రాస్తాను. "నాకు తెలుసులే తిమ్మయ్యా. దండం పెట్టేటప్పుడు కాళ్ళు ముట్టుకున్నా. తట్టితే బిందె మాదిరి మోగె. అయితే ఏమిరా? మాటిచ్చింది నేను. ఆయమ్మ డొల్లయితే నా మాట డొల్లయితాదా?"

ఆ బొమ్మకే ఎందుకు మొక్కావని నేను అడిగాను. "గుళ్ళల్లో అందరూ వరస కడ్తారు, అడిగిందే అడుగుతారు. ఆడ అందరూ ఫోటోలు దిగుతాండ్రు గానీ ఒక్కరన్నా ఆయమ్మను ఏమీ అడగలే. నా ఒక్క మాట బిన్నా ఇంటాదిలే అనుకున్నా" అంది.

తీసేస్తారన్న సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కుంది. తర్వాత, "మొక్కు తీరేలోపల ఆయమ్మ పోతే, ఇంగ నన్ను ఇడిపిచ్చేటోల్లు లేరు. కాటికి పొయ్యేదాకా ఇట్లనే పోవల్ల" అంది. బెదిరించడానికి అన్న మాట కాదురా అది. లెక్క చూసుకుని చెప్పినట్టు చెప్పింది.

నాన్న మీ పార్కు ఆఫీసుకు ఫోన్ చేశాడు. బొమ్మను మాకివ్వండి, బండి పంపిస్తాం అన్నాడు. బయటివాళ్ళకు ఇవ్వరట, స్టాఫ్ ఎవరైనా ఉంటే స్వయంగా సుదర్శన్ సారును అడగాలట. కాబట్టి నువ్వే అడగాలి. ఇవ్వమను, లేకపోతే కొన్నాళ్ళు ఆపమను. ఒక్క మాట.

ఉదయశ్రీ


సప్తలోకం పార్కు, కడప
ఏప్రిల్

అక్కా,

పొద్దున సారు రూము కాడికి పోయినా. లోపల ఎవురో ఉండిరి. మధ్యాన్నం పోయినా, సారు అన్నం తింటాండె. సాయంత్రం తలుపు తీసే ఉండె, సారు ఒక్కడే ఉండె. నేను నీళ్ళ క్యాను కాడ నిలబడి నీళ్ళు తాగి వచ్చేస్తి.

మెసేజి పెడ్దామని టైపు చేసినా. "సార్ మా అవ్వకు" అని రాసి తుడిపేసినా. మళ్ళ రాసి పంపిస్తి. రెండు నీలం టిక్కులు పడినాయి. జవాబు రాలేదు. మా అవ్వకు అన్న కాడికే పంపిచ్చినా, ఆపైన ఇంకో మాట లేదు. ఆయప్ప మాత్రం ఏమని జవాబిస్తాడు?

చెప్పాల్సిన మాట పార్కంతా తిరుగుతా చదువుకుంటాండా. రాకాసిబల్లి ముందర నిలబడి చెప్తే బాగా వస్తాది. ఓడ కింద చెప్తే వస్తాది. సారు చొక్కా కనపడితే సాలు, కాళ్ళు బూట్ల అల్మార కల్లా తిరుగుతాయి.

నువ్వు సారుకు ఫోన్ చెయ్యి అక్కా. నీకు మాటలు వస్తాయి. ఓబుళేశు అన్నను అడిగితే, "నాది కాంట్రాక్టప్పా, నేను అడిగితే రేపు నన్ను రావద్దంటారు. నీ అవ్వ గదా, నువ్వే పో" అన్నాడు.

హనుమేష్


కర్నూలు, ఆస్పత్రి
ఏప్రిల్

హనుమేష్,

వేలు తీసేస్తున్నారు. సోమవారం.

నీకు పుట్టుకతో సిగ్గని చిన్నప్పటినుంచి అందరం నీ తరఫున మాట్లాడాం. అంగట్లో చక్కెర అడగడానికి కూడా నీ వెనక నేను వచ్చాను. బళ్ళో నీ పేరు పిలిస్తే నీ బదులు పక్కవాడు పలికేవాడు. అదే మేము చేసిన తప్పేమో. మీ సారుకు నేను ఫోన్ చేయను. నీ నోరు పెగలదని అవ్వ పాదం పోగొట్టుకోవాలా?

ఇంకా నాలుగు మాటలు రాసేదాన్నే. అవ్వ పక్కనే ఉంది, ఎవరికి రాస్తున్నానో కనుక్కుంది. "వాన్ని తిట్టొద్దు. బలవంతంగా అడిగిచ్చొద్దు. వాడంతట వాడు అడిగితే అడగనీ, లేకుంటే లేదు" అంది. నీ మీద ఆ మెతకదనం ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు.

నాకు మాత్రం లేదు.

ఉదయశ్రీ


సప్తలోకం పార్కు, కడప
సోమవారం

అక్కా,

ఆపరేషన్ అయిపోయిందా? అవ్వ మాట్లాడ్తాందా? ముందు అది రాయి.

ఈడ జరిగింది చెప్తా. పొద్దున పార్కు తెరిచేటప్పటికే రాజులలోకంలో జేసీబీ ఉండె. కోట గోడ అట్ట మాదిరి మడిసేసినారు. ఏనుగుల్ని తోసేసినారు. నేను పన్నెండో నంబరు బూట్లు మూటగట్టుకోని గోడౌనుకు పోతాంటి. జేసీబీ గుడికల్లా తిరిగింది. నాకు ఏమైందో తెల్దు, పోయి అమ్మవారి ముందర నిలబడితి. బూట్లు చేతిలోనే ఉండాయి.

డ్రైవరు హారన్ కొట్టె. "ఏయ్ జరగప్పా, బొమ్మ మీద పడ్తాది" అని అరిసె. నేను జరగలేదు. స్టాఫంతా వచ్చినారు. టికెట్టు కొన్నోల్లు కొందరు ఫోన్లు తీసినారు. ఆంజనేయ, "ఓయ్ బూట్లోడా, దయ్యాల బంగ్లాలో నువ్వే దయ్యమా" అనె. సుదర్శన్ సారు ఉరికొచ్చినాడు. "ఏమప్పా, ఏం గావాల నీకు? నోట్లో నాలిక లేదా?" అన్నాడు.

చదువుకున్న మాట ఒక్కటీ రాలే అక్కా. వేరే మాటలు వచ్చినాయి.

"సార్, మా అవ్వ పేరు నాగలక్ష్మమ్మ. జనవరిలో ఈడికి వచ్చింది. ఈయమ్మకు చెప్పులిడిసి మొక్కుకునింది. ఇది ఫైబరని ఆమెకు తెల్సు. మీకు తెల్సు, నాకు తెల్సు. అయినా మొక్కు తీరేదాకా తొడుక్కోదు. ఆమెకు షుగరు. ఇప్పుడు కర్నూల్లో ఆమె వేలు కోస్తాండారు. ఈయమ్మను పగలగొడితే మా అవ్వ రేపు కాలు పోగొట్టుకుంటాది. నేను రోజుకు ఎంతమందికో బూట్లు ఇస్తాండా సార్, మా అవ్వకు తొడగలేకపోతిని. తుక్కుకే గదా ఏస్తారు. నాకియ్యండి. ఇయ్యకుంటే నేను జరగను."

మధ్యలో ఏడుపు గూడా వచ్చింది. అయినా ఆగలేదు. ఎవురూ నగలేదు. జేసీబీ డ్రైవరు ఇంజన్ ఆపేసినాడు.

సారు నా దగ్గరికొచ్చినాడు. "నువ్వు మూగోనివనుకుంటి గదప్పా" అన్నాడు. తర్వాత పక్కకు పోయి ఫోన్లో పైవాల్లతో శానాసేపు మాట్లాడినాడు. వచ్చి, "బొమ్మ ఇస్తారు. బండి నీదే, దించుకునేది నీదే. డ్యూటీ ఎగ్గొట్టినందుకు ఈ పొద్దు జీతం లేదు" అన్నాడు. ఓబుళేశు అన్న స్పానరు తెచ్చి అప్పుడే బోల్టులు ఇప్పుతాండె.

అవ్వకు చెప్పు. ఆయమ్మ ఉండాది. ఎవురూ ముట్టుకోలేదు. మొక్కు ఎప్పుడు తీరినా పరవాలేదు, అంతదాకా మన ఇంట్లో పెట్టుకుందాం. నాయనను బండి పంపమను.

హనుమేష్


కర్నూలు, ఆస్పత్రి
మంగళవారం

హనుమేషూ,

అవ్వ బాగుంది. వేలు పోయింది, పాదం నిలిచింది. రాత్రంతా మత్తులో ఉంది, పొద్దున లేవగానే నీ ఉత్తరం చదివి వినిపించాను.

నువ్వు సారుతో మాట్లాడిన దగ్గర మళ్ళీ చదవమంది. చదివాను. "ఎంతమంది ఉండిరంట?" అంది. స్టాఫ్ అంతా, బయటివాళ్ళు కూడా అన్నాను. "తల దించుకోని చెప్పినాడా, ఎత్తి చెప్పినాడా?" అంది. రాయలేదు అవ్వా, కానీ మధ్యలో ఆగలేదట అన్నాను. ఇంకోసారి చదివించుకుంది.

అప్పుడు లేచి కూర్చుంది. "చెప్పులు తేపో" అంది.

నాకు అర్థం కాలేదు. నాన్నకూ కాలేదు. "మొక్కు తీరె గదా, ఇంగేమి" అంది. "నా మనవడు నలుగుర్లో నోరిప్పి తన మాట తాను చెప్పుకుంటే నీకు పొంగలి పెట్టుకుంటానమ్మా, అంతదాకా చెప్పులు తొడగను అని మొక్కుకున్నా. బోరుకు మొక్కేకి నాకు పిచ్చా, బోరు రిగ్గోడు ఏస్తాడు."

నాన్న ఆస్పత్రి ముందున్న అంగట్లో డాక్టరమ్మ చెప్పిన మెత్తటి చెప్పులు కొనుక్కొచ్చాడు. కుడికాలికి కట్టు ఉంది, ఎడమకాలికి మాత్రం నేనే తొడిగాను. కట్టు విప్పేదాకా మంచం దిగనని డాక్టరమ్మకు మాటిచ్చింది. ఆమె మాటిస్తే ఏమవుతుందో ఇప్పుడు మనకు తెలుసు.

పోయిన ఉత్తరంలో రాసిన మాటలు వెనక్కి తీసుకోలేను. రాసేశాను. నువ్వు వచ్చాక నా ముందు కూర్చుని నన్ను తిట్టు.

మన ఊరి క్రాంతి కుమార్ బొలేరో టమాటా దించేసి అటే వస్తోంది. పొంగలి పెట్టాలి కాబట్టి అమ్మవారిని తీసుకురావాల్సిందేనట.

ఉదయశ్రీ


నంద్యాల దాటినాం, బండిలో
బుధవారం మధ్యాన్నం

అక్కా,

ముందర సీట్లో కూచోలేదు. ఎనక అమ్మవారిని పట్టుకోని కూచున్నా. తాళ్ళు కట్టినాం గానీ తేలిక గదా, గాలికి లేస్తాది. అడ్డం టమాటా బాక్సులు పెట్టినాం.

నీ ఉత్తరం నాలుగు మార్లు చదివినా. సంతోషపడాల్నా ఏడవాల్నా తెల్దక్కా. నాకు కోపం వస్తాంది. నా కోసమని ఆమె వేలు పోగొట్టుకునేది ఏమిటికి? నేను ముందే ఒక్క మాట మాట్లాడింటే వేలు ఉండేది. ఆమె ముందే చెప్పింటే మాట్లాడేవాన్నేమో. మాట్లాడకపోదునేమో గూడా. అది తల్చుకుంటే ఈ బండిలో నిలకడగా కూచోలేకపోతాండా. క్రాంతి అన్న అద్దంలో చూసి, "ఏమప్పా, దేవతను తోసేస్తావా ఏమి" అని కేకలేస్తాండాడు.

పొంగలి పెట్టుకోనీ, నేను వద్దనను. కట్టెలు నేనే తెస్తా. అయితే ఇంగోసారి నా పేరు మీద ఏ అమ్మకూ మొక్కేది లేదు. ఈ మాట నువ్వు చెప్పొద్దు, నేనే చెప్తా.

టాబ్లెట్ యేసుకోని పండుకుంటాదేమో, పండుకోవద్దని చెప్పు అక్కా. ఆమెను నేను తిట్టాల్సింది శానా ఉండాది. గంటలో ఆస్పత్రి కాడికి వస్తాండా.

హనుమేష్